ఏఐ ఉండగా మా అమ్మాయికి ల్యాబ్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతోంది. కణం పొరలోకి ప్రొటీన్లు ఎలా దిగుతాయో ఫ్లోరసెన్స్‌తో (కాంతి పడితే అణువులు తిరిగి వెలగడం) తెలుసుకునే పరిశోధన చేస్తానని, పీహెచ్‌డీ దాకా వెళ్తానని పట్టుబట్టింది. ప్రొటీన్ల సంగతంతా ఏఐ తేల్చేసింది, ఇంకా ల్యాబులెందుకు అంటున్నాడు బెంగళూరులో ఉండే మా బావమరిది. లక్షన్నర కడితే ఆర్నెల్ల ‘ఏఐ బయోటెక్’ ఆన్‌లైన్ కోర్సు ఉందట. రెండిట్లో ఏది మేలు? ఇప్పటికే సంబంధాలు కూడా వస్తున్నాయి.
– ఒక తండ్రి, పలమనేరు

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తుంటాయి. కోర్సు పేరు మారుతుంది కానీ చివరి వాక్యం మారదు. మీ అసలు టెన్షన్ అదే. దాని దగ్గరికే వస్తాను, ముందు మీ బావమరిది మాట చూద్దాం.

ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. ప్రొటీన్ల ఆకారాన్ని ఊహించే ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్‌కు గాను, దాన్ని తయారుచేసిన బృందానికి చెందిన హసాబిస్, జంపర్‌లకు 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో సగం వచ్చింది. అయితే అది నేర్చుకున్నది 1971 నుంచి ప్రొటీన్ డేటా బ్యాంకులో చేరుతూ వచ్చిన ఆకారాల నుంచి, అంటే ల్యాబుల్లో జనం తేల్చిన వాటి నుంచే. పైగా అది చూపించేది మడతపడ్డ రూపాన్ని. నీళ్లలో ఉన్న ప్రొటీన్ పొరను ఎప్పుడు తాకింది, ఏ భాగం ముందు దిగింది అన్నది ప్రయోగం చేసి చూడాల్సిందే.

మీ అమ్మాయి పట్టుకున్నది సరిగ్గా అక్కడే. తేనెటీగ విషంలో మెలిటిన్ అనే చిన్న పెప్టైడ్, అంటే బుల్లి ప్రొటీన్ ముక్క ఉంది. 26 అమైనో ఆమ్లాలు, వాటిలో ట్రిప్టోఫాన్ ఒక్కటే. దాన్ని క్వార్ట్జ్ క్యూవెట్‌లో (కాంతి పంపి చూసే చిన్న గాజులాంటి పాత్ర) వేసి 280 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పంపితే ఆ ట్రిప్టోఫాన్ వెలుగుతుంది. నీళ్లలో ఉన్నంతసేపు ఆ వెలుగు 350 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. కణం పొరకు నమూనాగా కొవ్వుతో చేసిన బుడగలు, అంటే లైపోజోములు కలిపి చూస్తే, పొరలోకి దిగినకొద్దీ 330 వైపు జరుగుతుంది. ఇంకా అనుమానముంటే అయోడైడ్ కలుపుతారు. నీళ్లకు తగిలేలా ఉన్న ట్రిప్టోఫాన్ వెలుగును అది తగ్గించేస్తుంది, పొర లోపలున్నదాన్ని పెద్దగా చేరలేదు. ఎంత లోతుకు దిగిందో కొలిచే పద్ధతిని 1987లో ఎర్విన్ లండన్‌తో కలిసి ప్రచురించిన అమితాభ ఛటోపాధ్యాయ తర్వాత మన హైదరాబాద్‌లోని కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనే ఏళ్ల తరబడి పనిచేశారు. డిఫ్తీరియా విషం పొరలోకి దూరే తీరును కూడా ఇలాంటి పద్ధతులతోనే పరిశీలించారు.

ఇక ఆ కోర్సు. నా అనుమానం ఏఐ మీద కాదు, ఆర్నెల్ల సర్టిఫికెట్ మీద. వాటిలో చాలావరకు రెడీమేడ్ ప్రోగ్రాములు నడపడం నేర్పిస్తారు. లెక్కలు, స్టాటిస్టిక్స్ గట్టిగా రాని మనిషికి ఆ బటన్లు నొక్కడం వస్తే ఏం లాభం? ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని రాశారంటే ఉద్యోగం ఇప్పిస్తామని రాసినట్టు కాదు. పోయినేడు చేరినవాళ్లు ఇప్పుడు ఏ కంపెనీలో, ఏ పనిలో ఉన్నారో అడగండి. నీళ్లు నమిలితే మీకు అర్థమైపోతుంది. పైథాన్ మాత్రం అమ్మాయి నేర్చుకోవాల్సిందే, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచితంగా పాఠాలున్నాయి.

కటువుగా అడుగుతున్నాను, ఏమనుకోకండి. అదే మీ అబ్బాయి అమెరికాలో ఎంఎస్ అంటే పొలం తాకట్టు పెట్టయినా పంపేవారు కాదా? అమ్మాయి దగ్గరికొచ్చేసరికి ఏళ్లు లెక్కపెడుతున్నారు. సంబంధాల వాళ్లకు చూపించడానికి కొనే సర్టిఫికెట్‌ను ఆమె కెరీర్ అనకండి.

పీహెచ్‌డీకి మీరు అప్పు చేయక్కర్లేదు. జాతీయ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ప్రభుత్వమిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000, పైన ఇంటద్దె ఇస్తారు. ఐదారేళ్లు పడుతుందన్నది నిజం. ఫ్యాకల్టీ పోస్టులు తక్కువన్నదీ నిజం. కానీ ఈ పని తెలిసినవాళ్లకు యూనివర్సిటీ ఒక్కటే దిక్కు కాదు. బయోలాజిక్స్ (ప్రొటీన్ల మందులు తయారుచేసే) కంపెనీల్లో యాంటీబాడీ మందు మడత సరిగా ఉందా లేదా అని చూడడానికి ఈ ట్రిప్టోఫాన్ వెలుగునే వాడతారు. కోవిడ్‌లో మనం చేయించుకున్న ఆర్టీపీసీఆర్ కూడా ఫ్లోరసెన్స్ మీదే నడిచింది. పెళ్లంటారా, పీహెచ్‌డీ మధ్యలో పెళ్లి చేసుకుని పూర్తిచేసిన అమ్మాయిలు ఎంతమందో. చదువు సంగతి సంబంధం వాళ్లకు మొదటే చెప్పేయండి, ఇష్టం లేనివాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు.

ఇప్పటికిప్పుడు తేల్చేయనక్కర్లేదు. వేసవిలో ఏర్పేడు దగ్గరున్న కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లోనో ఎస్వీయూలోనో ఏదైనా ల్యాబ్‌లో ప్రాజెక్టు అడిగి చూడమనండి, సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కూ అప్లై చేయించండి. గ్రాఫు రోజూ చెడిపోతున్నా మర్నాడు మళ్లీ ల్యాబ్‌కు వెళ్లాలనిపిస్తే, ఎంఎస్సీ కోసం జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయించండి. ఆ కోర్సుకు డబ్బు ఇంకా కట్టకపోతే ఆగండి. కట్టేసి ఉంటే రిఫండ్ గడువు ఎప్పటిదాకానో ఈ వారంలోనే కనుక్కోండి.