దుకాణం లోపలి డోమ్ కెమెరా: మెగాపిక్సెళ్ల కంటే ముందు వెలుతురు ఎటు నుంచి వస్తోందో చూడండి

పాత కోయాక్సియల్ (టీవీ కేబుల్ లాంటి) వైరింగును, కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే ఎనిమిది ఛానెళ్ల డీవీఆర్ పెట్టెను కదపకుండా దుకాణం లోపల సీలింగుకు ఒక్క డోమ్ కెమెరాను మాత్రమే మార్చాలనుకుంటున్నానని, అందుకు 2.4 మెగాపిక్సెల్ తీసుకోవాలా, 5 మెగాపిక్సెల్ తీసుకోవాలా అని మీరు అడిగారు. ఆ కెమెరా గాజు తలుపు వైపు చూడబోతున్నట్లయితే, స్పెసిఫికేషన్ కాగితంలో ట్రూ డబ్ల్యూడీఆర్ (ఎండను, నీడను ఒకే బొమ్మలో చూపగల సామర్థ్యం) 120 డెసిబెల్ అని స్పష్టంగా రాసి ఉన్న 2 మెగాపిక్సెల్ (2.4 అని అమ్మేదీ ఈ తరహాదే) కెమెరానే తీసుకోండి. ఆ మాట లేని 5 మెగాపిక్సెల్ కెమెరాను తక్కువ ధరకు ఇస్తామన్నా తీసుకోవద్దు. ఈ విషయంలో నేను ఇంత గట్టిగా చెప్పడానికి మా దుకాణంలో జరిగిన సంగతే కారణం.

మాది నరసరావుపేటలో బట్టల దుకాణం. ముఖద్వారం పడమరకు ఉంటుంది, ముందు భాగమంతా గాజు తలుపులే. కెమెరాలు బిగించే ఆయన బిల్లింగ్ కౌంటరు పైన, సరిగ్గా తలుపులకు ఎదురుగా కొత్త 5 మెగాపిక్సెల్ డోమ్ పెట్టి, ఇక లోపలికి వచ్చే ప్రతి ముఖమూ స్పష్టంగా పడుతుందని హామీ ఇచ్చి వెళ్లాడు. జాకెట్టు ముక్కల బల్ల దగ్గర పక్క గోడకు ఉన్న పాత 2.4 మెగాపిక్సెల్ డోమ్‌ను తీయడానికి నిచ్చెన వేయడం కుదరక అలాగే వదిలేశాడు. శ్రావణ మాసంలో, వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో, ఒకావిడ రెండు పట్టు చీరలు కొని డబ్బు కట్టి, సంచిని కౌంటరు పక్క బెంచీ మీద ఉంచి, జాకెట్టు ముక్క సరిచూసుకోవడానికి బల్ల దగ్గరకు వెళ్లారు. తిరిగి వచ్చేసరికి సంచి లేదు. ఆ సంచిని చివరిసారి చేత్తో పట్టుకున్నది మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు. మా అన్నయ్య అతన్ని లోపలి గదిలోకి పిలిచి అడుగుతుంటే, తన చేతిలోని కొలత టేపును చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం తప్ప అతను ఏమీ మాట్లాడలేకపోయాడు.

డీవీఆర్‌లో ఆ సమయానికి వెళ్లి కొత్త కెమెరా రికార్డింగు చూశాము. గాజు తలుపులన్నీ తెల్లగా తేలిపోయి, బయట రోడ్డు ఉందన్న ఆనవాలు కూడా లేకుండా కనిపించాయి. వాటి ముందు తిరుగుతున్న మనుషులందరూ నల్లటి ఆకారాలే. వాళ్లలో ఒక ఆకారం బెంచీ వైపు వంగి సంచి అందుకున్నట్టు తెలిసింది గాని, అది ఆడమనిషో మగమనిషో కూడా చెప్పలేకపోయాము. పెద్దది చేసి చూస్తే బూడిద రంగు గళ్లు తప్ప ఏమీ రాలేదు. ఆ తరువాత, పెద్దగా ఆశ లేకుండానే, పక్క గోడ మీది పాత కెమెరాను తెరిచాము. దానికి తలుపు కనిపించదు. తలుపులోంచి వచ్చే ఎండ పక్క నుంచి మనుషుల ముఖాల మీద పడుతుంది. ఆవాలరంగు చీర, ఆకుపచ్చ అంచు, చేతిలో అప్పటికే మా దుకాణం సంచులు రెండు ఉన్న ఒక పెద్దావిడ, మూడోది కూడా తనదే అనుకుని ఎంతో మామూలుగా తీసుకుని నడిచి వెళ్లడం అందులో స్పష్టంగా కనిపించింది. ఆవిడ బిల్లు మీద ఫోన్ నంబరు ఉంది. చిలకలూరిపేటలోని ఇంటికి చేరి ఇంకా సంచులు విప్పనేలేదట, ఆ రాత్రే వాళ్లబ్బాయి బండి మీద తెచ్చి ఇచ్చాడు. మా అన్నయ్య ఆ కుర్రాడికి అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. పక్క గోడ మీది ఆ పాత కెమెరా లేకపోతే ఒక నిరపరాధి దొంగ అన్న మాట మోసుకుని ఊళ్లో తిరగవలసి వచ్చేది. అందుకే కెమెరా ఎంపికను సాధారణ సామాను కొనుగోలుగా నేను చూడలేను.

అంత ఖరీదైన కెమెరా ఎందుకు విఫలమైందంటే, ఎండలోంచి ఇంట్లోకి అడుగు పెట్టిన మనిషికి కాసేపు ఏమీ కనిపించనట్టే, సెన్సరు కూడా ప్రకాశవంతమైన తలుపుకు సర్దుకుని నీడలో ఉన్న ముఖాన్ని వదిలేస్తుంది. పిక్సెళ్లు ఎన్ని పెంచినా నల్లటి ముఖం మరింత వివరంగా నల్లగా కనిపిస్తుంది, అంతే. ట్రూ డబ్ల్యూడీఆర్ ఉన్న కెమెరా ఒకే దృశ్యాన్ని తక్కువ ఎక్స్‌పోజరుతో ఒకసారి, ఎక్కువ ఎక్స్‌పోజరుతో ఒకసారి తీసి రెండింటినీ కలుపుతుంది. పెట్టె మీద కనిపించే డీ-డబ్ల్యూడీఆర్, అంటే డిజిటల్ డబ్ల్యూడీఆర్, అలాంటిది కాదు. అది తీసిన ఒక్క చిత్రంలోనే చీకటి భాగాన్ని సాఫ్ట్‌వేరుతో కాస్త తెల్లబరుస్తుంది. దుకాణంవాళ్లు ఈ రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతున్నారు. కొనేవాడికి ఆ ఒక్క అక్షరం విలువ చెప్పకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఇక మెగాపిక్సెళ్ల సంగతి. పెట్టె మీద 2.4 అని ఉన్నా డీవీఆర్‌కు చేరే చిత్రం 1920×1080 పిక్సెళ్లది, అంటే సుమారు 2.07 మెగాపిక్సెళ్లే. పరిచయం లేని మనిషి ముఖాన్ని గుర్తుపట్టాలంటే ఆ మనిషి ఉన్న చోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలని నిఘా కెమెరాల కోసం 2014లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 చెప్పింది. ఇండోర్ డోముల్లో ఎక్కువగా దొరికే 2.8 మిల్లీమీటర్ల లెన్సు నూరు డిగ్రీలకు పైగా వెడల్పు చూస్తుంది కాబట్టి, 1080 చిత్రంలో ఆ 250 పిక్సెళ్లు దాదాపు మూడు మీటర్ల వరకే వస్తాయి. 3.6 మిల్లీమీటర్లైతే నాలుగు మీటర్లు దాటి వస్తాయి, 6 మిల్లీమీటర్లైతే ఏడెనిమిది మీటర్ల వరకు వస్తాయి గాని దృశ్యం ఇరుకవుతుంది. గది మొత్తం ఒక్క కెమెరాలో పడాలన్న ఆశతో అందరూ 2.8 అడుగుతారు. డబ్బు చేతులు మారే కౌంటరు మీదికి మాత్రం 3.6 పెట్టించుకోమని నేను చెబుతాను. గదంతా చూడడానికి వేరే కెమెరా ఉండాలి.

మీ డీవీఆర్ ఏం రికార్డు చేస్తోందో చూడకుండా కెమెరా కొనడం వృథా. చవక డీవీఆర్‌లు చాలావాటిలో 1080ఎన్ అని, 1080 లైట్ అని ఒక సెట్టింగు ఉంటుంది. అందులో నిలువు 1080 అలాగే ఉన్నా అడ్డం 960 పిక్సెళ్లకు, అంటే సగానికి పడిపోతుంది. అప్పుడు ఆ మూడు మీటర్లు మీటరున్నర అవుతాయి. 5 మెగాపిక్సెల్ లైట్ అన్న పేరు వెనుక కూడా ఇలాంటి కోతే ఉంటుంది, పైగా కొన్ని డీవీఆర్‌లు 5 మెగాపిక్సెల్ పెట్టగానే సెకనుకు వచ్చే ఫ్రేములను తగ్గించేస్తాయి. డీవీఆర్ ఎన్‌కోడ్ మెనూలో మెయిన్ స్ట్రీమ్ (డిస్కులో రికార్డయ్యే ప్రధాన చిత్రం) రిజల్యూషన్ దగ్గర ఏముందో మీ కళ్లతో చూసుకోండి. అక్కడ 960×1080 ఉంటే, మార్చడానికి వీలు కూడా లేకపోతే, ముందు మార్చవలసింది డీవీఆర్.

కెమెరా పంపే సిగ్నలుకూ డీవీఆర్ తీసుకునే సిగ్నలుకూ పొంతన కుదర్చడం ఇప్పుడు అంత కష్టం కాదు. దహువా నుంచి వచ్చిన సీవీఐ, టెక్‌పాయింట్ చిప్పుల మీద నడిచే టీవీఐ, కొరియాకు చెందిన నెక్స్ట్‌చిప్ తెచ్చిన ఏహెచ్‌డీ, వీటితో పాటు పాత అనలాగ్ సిగ్నలు సీవీబీఎస్ కూడా, ఇలా నాలుగూ ఇచ్చే కెమెరాలనే ఇప్పుడు ఫోర్ ఇన్ వన్ అని అమ్ముతున్నారు. అయితే పెట్టెలోంచి తీసినప్పుడు అది ఏదో ఒక మోడ్‌లోనే ఉంటుంది. తెర మీద బొమ్మ రాకపోతే కెమెరా పాడైందని కంగారు పడనక్కరలేదు, తోకలాగా వేలాడే వైరు మీది చిన్న బటన్‌నో, జాయ్‌స్టిక్‌నో కొన్ని సెకన్లు నొక్కి పట్టి మోడ్ మార్చాలి. అలాగే పాల్ (PAL), ఎన్‌టీఎస్‌సీ అనే రెండు వీడియో పద్ధతుల్లో పాల్ ఎంచుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, ఎన్‌టీఎస్‌సీలో వదిలేస్తే ట్యూబ్‌లైటు వెలుతురులో బొమ్మ మీద పట్టీలు కదులుతుంటాయి. కెమెరాలోని మైకుతో మాట కూడా రికార్డు కావాలంటే, కోయాక్సియల్ వైరు మీదుగా ఆడియో తీసుకునే సదుపాయం డీవీఆర్‌లోనూ ఉండాలి.

డోమ్ అన్న పేరుతో రెండు రకాలు అమ్ముతున్నారు. ఒకటి నిజంగా గుండ్రటి పారదర్శక కప్పు ఉన్నది, రెండోది కప్పు లేకుండా గుడ్డులాంటి భాగం తిరిగే ఐబాల్. దుకాణం లోపలికి నేను ఐబాల్‌నే ఇష్టపడతాను. కప్పు ఉన్నదానిలో లెన్సు చుట్టూ ఉండే నురుగు రింగు కప్పుకు సరిగా ఆనకపోతే, రాత్రి చీకట్లో చూడడానికి కెమెరాలోనే వెలిగే ఐఆర్ (పరారుణ) లైట్ల వెలుతురు లోపలే ప్రతిఫలించి బొమ్మంతా పొగమంచు పట్టినట్టవుతుంది. బిగించేవాళ్ల వేలిముద్రలు ఆ కప్పు మీద ఉన్నా అదే ఫలితం. ఏ రకమైనా సీలింగ్ ఫ్యానుకు దూరంగా పెట్టించండి. రెక్కలు అడ్డం వచ్చాయంటే రాత్రంతా వాటి మీద ఐఆర్ పడి మెరుస్తూ, కదలిక ఉన్నప్పుడే నడవవలసిన మోషన్ రికార్డింగు ఆగకుండా నడుస్తుంది. పక్కనే దూలం, గోడ ఉన్నా ఆ వెలుతురు వాటి మీదే పడి తక్కిన గది చీకటవుతుంది. గది లోపలికి 20 మీటర్ల ఐఆర్ ధారాళంగా సరిపోతుంది.

వైరు గురించి కూడా నాకు బాధ ఉంది. కెమెరాకు కరెంటు, బొమ్మ రెండూ తీసుకెళ్లే త్రీ ప్లస్ వన్ వైరులో స్వచ్ఛమైన రాగి అని చెప్పి రాగి పూత పూసిన తీగ ఇస్తారు. పగలు బాగా నడిచే కెమెరా రాత్రి ఐఆర్ వెలగగానే ఆగిపోయి మళ్లీ వస్తోందంటే, కెమెరాలకు కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ పెట్టె దగ్గర 12 వోల్టులు ఉన్నా కెమెరా దగ్గరికి వచ్చేసరికి ఆ తీగలోనే వోల్టేజీ పడిపోతోందని అర్థం. కొత్త కెమెరా తగిలించే ముందు మల్టీమీటరుతో ఆ చివర కొలిపించండి, పాత కెమెరా ఐఆర్ వెలుగుతున్న స్థితిలోనే కొలవాలి. టేపు చుట్టిన అతుకులను తీయించి కొత్త బీఎన్‌సీ (బొమ్మకు), డీసీ (కరెంటుకు) కనెక్టర్లు వేయించండి. తెర మీద పాకే గీతలు ఆ అతుకుల దగ్గర కూడా పుడతాయి.

హార్డ్ డిస్కు లెక్క కూడా వేసుకోండి. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఇరవై నాలుగు గంటలూ రికార్డు చేస్తే రోజుకు సుమారు 21.6 గిగాబైట్లు పడుతుంది, ఎనిమిదింటికి 173 గిగాబైట్లు, అంటే 1 టెరాబైటు డిస్కు ఆరు రోజులు కూడా నిలవదు. 5 మెగాపిక్సెల్‌కు బిట్‌రేటు రెట్టింపు చేస్తే ఆ కెమెరా వాటా రెట్టింపవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం పెద్ద సంఖ్యలో వచ్చే సంస్థలు రికార్డింగును 30 రోజులు ఉంచాలంటోంది. దాన్ని దృష్టిలో పెట్టుకుని డిస్కు ఎంచుకోండి. డీవీఆర్ గడియారం కూడా ఈరోజే సరిచేయండి. బిల్లు సమయానికీ రికార్డింగు సమయానికీ పొంతన లేకపోతే మేము ఆ సంచి తీసిన ఆవిడ బిల్లును పట్టుకోగలిగేవాళ్లం కాదు.

కొనే ముందు ఒక షరతు పెట్టండి. ఆ కెమెరాను ఒక మధ్యాహ్నం మీ డీవీఆర్‌కు తగిలించి, మీరు అనుకున్న చోట చేత్తో పట్టి, ఎండ తలుపు మీద పడే వేళ ఒక మనిషిని తలుపులో నిలబెట్టి చూపించమనండి. లైవ్ వ్యూ చూసి ఊరుకోకుండా, అప్పటికప్పుడు రికార్డయిన దాన్ని వెనక్కి తిప్పి, పెద్దది చేసి ముఖం చూడండి. మీ తలుపు తూర్పుకు ఉంటే ఈ పరీక్ష ఉదయం తొమ్మిదిలోపు పెట్టించుకోండి. కళ్లు, ముక్కు, చొక్కా రంగు తెలిస్తే డబ్బు ఇవ్వండి, లేదంటే ఏ కంపెనీదైనా వెనక్కి పంపండి.