మసక గెలాక్సీని కాగితం మీదకు దించడం

ప్రశ్న: ఎనిమిది అంగుళాల టెలిస్కోపుతో మా పెరట్లోంచి చూస్తూ గెలాక్సీల బొమ్మలు గీస్తున్నాను. ఎం51 అనే గెలాక్సీ రెండు మసక మచ్చలుగానే కనిపిస్తోంది. ఫొటోల్లో ఉన్న సర్పిల భుజాలను (నడిమి నుంచి సుడి తిరుగుతూ సాగే వంపులను) బొమ్మలో చేర్చవచ్చా? పైగా ఎంత తేలిగ్గా గీసినా ఆ మసకదనం పెన్సిలుకు అందడం లేదు.

జవాబు: భుజాలను చేర్చకండి. మీరు చూసిన మచ్చల్లో ఒకటి ఎం51 నడిబొడ్డు, రెండోది దాని తోడు గెలాక్సీ ఎన్‌జీసీ 5195ది. వీధి దీపాల వెలుగు కలిసిన ఆకాశంలో మీ టెలిస్కోపుకు అంతకు మించి దొరక్కపోవడం మామూలే. 1845లో ఐర్లాండులో ఖగోళ పరిశీలకుడు లార్డ్ రోస్ ఈ సర్పిలాకారాన్ని మొదటిసారి గుర్తించి గీసినప్పుడు ఆయన వాడినది 72 అంగుళాల దర్పణమున్న టెలిస్కోపు, పోల్చి చూసుకోవడానికి ఫొటో అంటూ ఏదీ లేదు. మీకున్న చిక్కల్లా ఫొటో ముందే చూసి ఉండటం.

కళ్లు చీకటికి అలవాటు పడటానికి కనీసం అరగంట ఇవ్వండి, కాగితం మీదకు మసక ఎర్ర దీపమే వాడండి. గెలాక్సీని సూటిగా చూడక చూపును కాస్త పక్కకు జరిపితే, కంటిలో మసక వెలుగును బాగా పట్టే రాడ్ కణాల మీద దాని కాంతి పడుతుంది. కుడి కంటితో చూస్తున్నప్పుడు చూపును కుడివైపుకే జరపాలి. ఎడమకు జరిపితే గెలాక్సీ కంటిలో వెలుగును పట్టని అంధబిందువు మీద పడి మాయం కావచ్చు. టెలిస్కోపు గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టి చూడండి, నిశ్చలంగా ఉన్నప్పుడు తెలియని అంచు కదలికలో తెలుస్తుంది.

ఇక పెన్సిలు సంగతి. దాని ములుకును నేరుగా గెలాక్సీ మీద పెడుతున్నారని నా అనుమానం. టెలిస్కోపులో కనిపించే గుండ్రటి మేరకు గుర్తుగా ముందే గీసుకున్న వృత్తంలో చుట్టుపక్కల నక్షత్రాలను, గడియారం ముల్లు చూపే దిక్కులతో పోల్చుకుంటూ, చుక్కలుగా పెట్టండి. వాటి స్థానాలు తప్పితే తర్వాతి శ్రమంతా వృథా. ఆ తరువాత వేరే చిత్తు కాగితం మీద 2బి పెన్సిలును గట్టిగా రుద్ది, ఆ నల్లటి పొడిని దూది పుల్లతో అద్దుకుని, వృత్తంలో గెలాక్సీ ఉన్నచోట దాదాపు తాకీ తాకనట్టు సున్నాలు చుడుతూ పూయండి. నడిబొడ్డు కోసం మరో రెండు పూతలు వేస్తే చాలు, అంచు దానంతటదే కాగితంలో కలిసిపోతుంది. నలుపు తెలుపులు తారుమారైన ఈ బొమ్మను స్కాన్ చేసి నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా మారిస్తే ఆకాశంలో చూసినట్టే ఉంటుంది.

ఏదో వంపు ఒక్క క్షణం మెరిసినట్టు అనిపిస్తే కంటిని టెలిస్కోపు నుంచి పక్కకు తీసి, మళ్లీ చూడండి. మూడుసార్లు అదే చోట కనిపించినదే బొమ్మలోకి రావాలి. ఒక్కసారే కనిపించినదాన్ని తేదీ, సమయం, ఆవర్ధనం (టెలిస్కోపు ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతోందో) రాసుకునే చోట ప్రశ్నార్థకం పెట్టి మాటల్లో రాసుకోండి.