కొమ్మ మీద పిట్ట సరే, అది చేసే పనేది?

ప్రశ్న: సెలవు రోజుల్లో చెన్నైలోని పల్లికరణై చిత్తడి నేలకు వెళ్తుంటాను. 150–600 ఎంఎం జూమ్ లెన్స్ ఉంది. ఫొటోలు స్పష్టంగానే వస్తున్నాయి, కానీ అన్నీ ఆధార్ కార్డు ఫొటోల్లా ఉన్నాయని మా అబ్బాయి ఎగతాళి చేస్తున్నాడు. పక్షులు ఏదైనా చేస్తుండగా తీయాలంటే ఎలా?
– ఓ పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: మీవాడు కుండ బద్దలు కొట్టాడమ్మా! లెన్స్ తప్పేమీ లేదు. పక్షి కనపడగానే ఫ్రేమ్ నిండేదాకా జూమ్ చేసేస్తున్నట్టున్నారు, చిక్కంతా అక్కడే.

డార్టర్‌నే తీసుకోండి. ఒళ్లంతా నీళ్లలో ముంచి మెడ మాత్రం పైకి పెట్టి ఈదుతుందే, అదే. అది చేపను ముక్కుతో పొడుస్తుంది. పైకి తేలాక, గుచ్చుకున్న చేపను విదిలించి గాల్లోకి ఎగరేసి, తల ముందు లోపలికి పోయేలా అందుకుని మింగుతుంది. తోక వైపు నుంచి మింగితే రెక్కల ముళ్లు గొంతుకు అడ్డం పడతాయి మరి. మనకు కావలసింది చేప గాల్లో ఉన్న ఆ రెప్పపాటు. ఫ్రేమ్ బిగించి పెట్టుకుంటే సరిగ్గా అప్పుడే చేప పైఅంచు దాటిపోతుంది. అందుకని 600 దాకా పోకుండా 400 దగ్గర ఆగండి. ముక్కు పైన కనీసం మెడ పొడవంత ఖాళీ వదలండి. ఎక్కువైతే తర్వాత కత్తిరించుకోవచ్చు, తెగిపోయిన చేపను తెచ్చి అతికించలేం కదా. షట్టర్ వేగం 1/2000 సెకనుకి తగ్గనివ్వకండి. ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 దాకా వెళ్లినా టెన్షన్ పడొద్దు.

ఎగిరే పక్షులకు గాలి చూసుకోవాలి. లేచేటప్పుడూ వాలేటప్పుడూ అవి గాలికి ఎదురుగానే ఉంటాయి. గాలి, ఎండ రెండూ మీ వీపుకు తగిలే చోటు దొరికితే కొంగలు మీ వైపుకే రెక్కలు విప్పుకుని వస్తాయి. జమ్ము ఎటు వంగుతోందో చూస్తే గాలి సంగతి తెలిసిపోతుంది. తెల్లకొంగ వెనక నల్లటి నీళ్లుంటే ఎక్స్‌పోజర్ అర స్టాప్ పైనే (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గించండి, లేకపోతే ఈకల వరసలు చెరిగిపోతాయి.

చిత్తడి నేల మీదుగా పోయే రేడియల్ రోడ్డు మీంచి తీసేవాళ్లకు ఇంకో ఇబ్బంది. రోడ్డు ఎత్తు, నీళ్లు పల్లం. దగ్గరి పక్షిని తీస్తే వీపు తప్ప ఏమీ కనపడదు. కాస్త దూరంగా ఉన్నదాన్ని ఎంచుకోండి, వెనక జమ్ము కూడా ఫ్రేమ్‌లోకి వస్తుంది. పొద్దెక్కితే వేడికి దూరపు బొమ్మ అలుక్కుపోతుంది కాబట్టి పెందలాడే వెళ్లండి. అంతేగానీ కంచె దాటి దిగొద్దు. 2022లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలలకు ఇచ్చేది) గుర్తింపు వచ్చిన చోటది.

ప్రశ్న: మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. ఎంత దగ్గరికి వెళ్లి తీయొచ్చు?
– ఓ పాఠకుడు, పెరుంబాక్కం

జవాబు: వెళ్లకండి. మీరు వెళ్తే అది గుడ్లు వదిలి మీ నెత్తిమీద తిరుగుతూ అరుస్తుంది. ఫొటో బాగానే వస్తుంది, నిజమే. కానీ అవి నీడ లేని నేల మీది గుడ్లు. పక్షి పక్కకు తప్పుకుంటే మన చెన్నై ఎండకు ఎంతసేపు ఆగుతాయి? పైగా మీరు ఎటు చూస్తున్నారో కాకులూ చూస్తుంటాయి.

ఎండాకాలంలో తీతువులు నీళ్లలో దిగి పొట్ట ఈకలు తడుపుకుని, వెళ్లి గుడ్లను చల్లబరుస్తాయి. చుట్టుపక్కల నీటి గుంట ఏదైనా ఉంటే అక్కడ, దూరంగా, నేలబారున కూర్చుని దాన్ని తీయండి. అది తిరిగి నడిచే వైపు ఫ్రేమ్‌లో ఖాళీ ఉంచండి. ఫొటో నలుగురికీ పంపేటప్పుడు మాత్రం చోటు పేరు రాయకండి.