సోలార్ తర్వాత, ముందు ఆ రెండు వేల అప్పు సంగతి

ప్రశ్న: మాది బోడుప్పల్. 100 గజాల్లో సొంతిల్లు. మావారిది ప్రైవేటు ఉద్యోగం, నెలకు 68,000 చేతికి వస్తుంది. ఇంటి ఖర్చు, ఇద్దరు పిల్లల ఫీజులు, అత్తయ్య షుగర్ మందులు కలిపి 32,000. హోమ్ లోన్ ఈఎంఐ 21,000. చీటీ 10,000, అది మార్చిలో అయిపోతే రెండు లక్షలు వస్తాయి. మావారి ఖాతాలో 3,80,000 ఉంది. మొన్నటి వానలకు రెండు రోజులు కరెంటు లేదు, ట్యాంకు ఖాళీ. ఫోన్లు ఆగిపోయాయి. ఇంట్లో నోట్లు లేక పక్కింటివాళ్ల దగ్గర రెండు వేలు అప్పు తెచ్చాను. ఇకపై ఎవరినీ అడిగే పరిస్థితి రాకూడదని సోలార్, రెండో బోరు, మిద్దె తోట పెట్టించాలనుకుంటున్నాం. ఉన్న డబ్బంతా ఇందులో పెట్టొచ్చా?

జవాబు: పెట్టొద్దమ్మా. మీ ఆలోచన మంచిదే, కానీ ఆ రోజు మీకు దేనికి ఇబ్బంది అయిందో ఒకసారి గుర్తు చేసుకోండి. బ్యాంకులో దాదాపు నాలుగు లక్షలుండి కూడా రెండు వేలకు పక్కింటి తలుపు తట్టారు. ముందు సరిచేయాల్సింది అది.

మీ లెక్కే తీద్దాం. రేపు మీవారికి ఉద్యోగం పోయిందనుకోండి. ఇంటి ఖర్చు, ఈఎంఐ, చీటీ కలిపి నెలకు 63,000. ఆరు నెలలకు 3,78,000. మీ దగ్గరున్నది 3,80,000. అంటే సరిగ్గా ఆరు నెలలు ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికే శక్తి మీకు ఇప్పటికే ఉంది. దాన్ని తీసుకెళ్లి డాబా మీద పలకలుగా బిగిస్తే, ఈఎంఐ కట్టాల్సిన రోజున వాటిని విప్పి అమ్ముకోలేరు.

ఆ డబ్బును ఇలా విడదీయండి. 10,000 ఇంట్లోనే, వంద, రెండు వందల నోట్లుగా బీరువాలో పెట్టండి. ఒక నెల ఖర్చు సేవింగ్స్‌లో ఉంచండి. మిగిలింది మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా చేయండి. ఒకటే పెద్ద డిపాజిట్ అయితే కొంచెం డబ్బు కోసం మొత్తం విరగ్గొట్టాల్సి వస్తుంది. ఇంకో మాట, ఇది మీకు చిన్నగా అనిపించవచ్చు గానీ నాకు ఇదే పెద్దది: ఖాతా మీవారి పేరు మీదే ఉంది. ఆసుపత్రిలో పడుకున్నది ఆయనే అయితే ఆ డబ్బు మీ చేతికి ఎలా వస్తుంది? మీ ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింట్ ఖాతాగా మార్చండి. ఈ వారంలోనే.

ఇప్పుడు సోలార్. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే వీధి కరెంటు లైనుకు కలిపేది, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ ఇంటి కరెంటు తగలకుండా అలా తయారుచేస్తారు. అంటే మొన్నటి చీకట్లో అది మీకు ఒక్క బల్బు కూడా వెలిగించేది కాదు. పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ వస్తుంది, నిజమే. అది బిగించాక ఖాతాలో పడుతుంది, ముందు ఖర్చుకు మీరే డబ్బు చూసుకోవాలి. బిల్లు తగ్గించుకోవడానికి సోలార్ మంచిదే. ఆపద కోసమైతే ఇన్వర్టర్, ఒక బ్యాటరీ చాలు, అదీ చీటీ డబ్బు వచ్చాక. అప్పటిదాకా ఒక పవర్ బ్యాంక్, రెండు చార్జింగ్ లైట్లు కొనుక్కోండి.

రెండో బోరు అసలే వద్దు. మన హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. 100 గజాల్లో ఇంకో బోరు వేస్తే, పడినా చాలాసార్లు మొదటిదాని నీళ్లే పంచుకుంటుంది, పడకపోతే డబ్బు మట్టిపాలు. అదే ఇంకుడు గుంత తవ్వించండి. ఇక్కడ ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మొత్తం స్థలం డాబాగా ఉందనుకుంటే ఆ లెక్కన 60,000 లీటర్లకు పైగా మీ ఇంటి మీదే కురుస్తున్నాయి, మోరీలోకి పోతున్నాయి. తాగడానికి మాత్రం మనిషికి రోజుకు మూడు లీటర్ల లెక్కన, ఐదుగురికి మూడు రోజులకు 45 లీటర్లు. ఎప్పుడూ మూడు క్యాన్లు నిండుగా ఉండేలా చూసుకోండి.

మిద్దె తోట పెట్టండి. కుండీల్లో పాలకూర, తోటకూర, నాలుగు మిరప మొక్కలతో మొదలుపెడితే ఖర్చే కాదు. కానీ అసలు బలం వంటింట్లో ఉంటుంది. మా అమ్మ వేసవిలో ఏడాదికి సరిపడా చింతపండు, ఎండుమిర్చి కొని ఎండబెట్టి జాడీల్లో దాచేది, ఆవకాయ సరేసరి. వానాకాలంలో ఆమె బజారుకు కంగారుగా పరిగెత్తడం నేను చూడలేదు. మీరు ఏడాదికి కాకపోయినా బియ్యం, కందిపప్పు, నూనె రెండు నెలలకు సరిపడా ఉంచండి. పాతవి ముందు వాడుతూ, కొత్తవి వెనక పెట్టండి. బియ్యంలో వేపాకు బాగా ఎండినాకే వేయాలి, పచ్చిది వేస్తే బూజు పడుతుంది. రెండో గ్యాస్ సిలిండర్ లేకపోతే తీసుకోండి.

ఇక మీరు ఉత్తరంలో అసలు రాయనిది ఆరోగ్య బీమా. ఆఫీసు పాలసీ ఒక్కటే ఉంటే, ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. బ్యాంకులోని ఆ సొమ్మును దేనికైనా ముట్టుకోవాలంటే దీనికే ముట్టుకోండి: మీ నలుగురికీ కలిపి ఒకే పాలసీ (దీన్నే ఫ్లోటర్ అంటారు), అత్తయ్యకు విడిగా ఒకటి. ఆమె షుగర్ సంగతి దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. చెబితే, దానికి వేచి ఉండాల్సిన కాలం గరిష్ఠంగా మూడేళ్లే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. తీసిన ప్రీమియం డబ్బును నెలనెలా మిగిలే 5,000తో తిరిగి నింపండి. మీవారికి ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా బ్యాంకులోనే చేయించండి, ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా రెండు లక్షలు వస్తాయి.

మార్చిలో చీటీ డబ్బు చేతికొచ్చాక మీ పన్నెండు నెలల కరెంటు బిల్లులు, సోలార్ కొటేషన్ పంపండి. బ్యాటరీతో పెట్టించాలో, అసలు వద్దో ఆ అంకెలు చూసి చెబుతాను.