సేకరణా, సౌజన్యమా?

సందేహం: గురువుగారికి నమస్కారం. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో తిరిగే వ్యాసాల కింద కొందరు 'సేకరణ' అని రాస్తారు, కొందరు 'ఫలానావారి సౌజన్యంతో' అంటారు, ఇంకొందరు ఏమీ అనరు. మా బృందంలో ఒకరి వ్యాసాన్ని మరొకరు తన పేరుతో పెడితే నేను 'గ్రంథచౌర్యం' అన్నాను. 'రెండు పేరాల ముక్క గ్రంథమెలా అవుతుంది?' అని ఎదురడిగారు. ఏ మాట ఎక్కడ వాడాలో చెప్పగలరు. – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ఎదురడిగినవారికి ముందు ఒక లెక్క చెప్పండి. పాతకాలపు లేఖరుల కొలతలో గ్రంథమంటే 32 అక్షరాలు. అనుష్టుప్ శ్లోకానికి ఎన్ని అక్షరాలో అన్ని. రాసింది వచనమైనా సరే, అక్షరాలు లెక్కపెట్టి 32తో భాగించి ఇన్ని గ్రంథాలని తేల్చేవారు. ఆ కొలతన మీ మిత్రుల రెండు పేరాలు ఇరవై ముప్పై గ్రంథాలకు తక్కువ ఉండవు! ధాతువును పట్టుకున్నా అంతే. గుదిగుచ్చడం, కూర్చడం అన్న అర్థమే గ్రంథానికి మూలం. ముడి అనే అర్థంలో వాడే 'గ్రంథి' కూడా ఆ ఇంటిదే. కాబట్టి మీ మాటలో తప్పు లేదు. అయితే ఈనాటి చెవికి గ్రంథచౌర్యమంటే లైబ్రరీలో పుస్తకం చంకన పెట్టుకుపోయినవాడు గుర్తొస్తే అదీ తప్పనలేం. చిన్న రాతలకు 'రచనాచౌర్యం' అనండి, పేచీ ఉండదు. ఆ దీర్ఘం మాత్రం మింగకండి. 'రచన చౌర్యం' అని విడగొట్టి రాసే పత్రికలు పెరిగిపోయాయి. సమాసం చేయదలుచుకుంటే సమాసంలాగే చేయాలి. భావచౌర్యం వేరు, అక్కడ పోయింది మాటలు కాదు, ఊహ.

ఇక 'సేకరణ'. ఇది నిజానికి గౌరవం గల మాట. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటివారు జానపద గేయాలు పోగుచేశారు. ఆ పాటలకు కర్త పేరు లేదు, పాడే గొంతులే ఉన్నాయి. దంపుళ్ల పాటను పాడినవారెవరు, ఏ ఊరు అని రాసుకుని కింద 'సేకరణ' అంటే అది నిండైన ప్రయోగం. ఒక పత్రికలో ఒకరు సంతకం పెట్టి రాసిన వ్యాసాన్ని వేలితో నొక్కి, నకలు తీసి, అతికించి 'సేకరణ' అంటే ఏం పోగుచేసినట్టు? పైగా ఆ మాటకు కర్త ఎప్పుడూ పంపినవాడే అవుతాడు, రాసినవాడు కాడు. రాసినవారెవరో నిజంగానే తెలియకపోతే 'ఎవరు రాశారో తెలియదు, ఫలానా బృందంలో వచ్చింది' అని రాయండి. పొడవైనా నిజం. 'వచ్చింది వచ్చినట్టు పంపాను' అనేవారికీ ఒక పాత తోడు ఉంది. తాళపత్రాల చివర లేఖరులు 'యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా' అని రాసుకునేవారు. పుస్తకం ఎలా కనబడితే అలా రాశాను, తప్పొప్పుల పూచీ నాది కాదని. ఆ లేఖరి చేతిరాత దోషాలకే క్షమాపణ చెప్పుకున్నాడు. ఆశ్వాసాంత గద్యలోని, అంటే కావ్యంలో ఒక్కో అధ్యాయం చివర వచ్చే వచనంలోని, కవి పేరును మాత్రం తుడవలేదు.

'సౌజన్యం' సుజనుడి గుణం, అంటే మంచితనం. ఆంగ్లంలోని 'కర్టెసీ'కి ఎదురుగా పత్రికలు దీన్ని నిలబెట్టాయి. మంచితనం చూపాలంటే ఇచ్చినవాడికి తాను ఇస్తున్నట్టు తెలియాలి కదా! ఒకరి ఫొటోను అడగకుండా తీసుకుని, మూలనున్న పేరు కత్తిరించి, 'ఫొటో సౌజన్యం: ఇంటర్నెట్' అని రాయడం చూస్తున్నాం. ఇంటర్నెట్ ఏ సుజనుడో! అడిగి, వారు సరేనన్నాకే సౌజన్యం అనాలన్నది నా పక్షం. కానీ ఆ మాట వాడుకలో బాగా పాతుకుంది. అడగకపోయినా పేరైనా చెబుతున్నారు గనక మరీ పీకి పారేయమనను.

ఈ విషయంలో నాకు ఎఱ్ఱనను మించిన గురువు లేడు. ఆయన చేసింది చౌర్యానికి సరిగ్గా తలకిందుల పని. మహాభారతాన్ని తెనిగిస్తూ నన్నయ ఆరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో 'శారదరాత్రులు' పద్యం దగ్గర ఆగాడు. తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. నడుమ మిగిలిపోయిన భాగాన్ని దాదాపు మూడు వందల ఏళ్ల తరవాత, 14వ శతాబ్దంలో, ఎఱ్ఱన 'స్ఫురదరుణాంశు' అంటూ అందుకున్నాడు. అక్కడ రాత్రి, ఇక్కడ తెల్లవారడం, అతుకు కనబడదు. తన రాతను నన్నయ రాతగానే సాగించి, రాజమహేంద్రవరపు రాజరాజుకే చెందేట్టు చేశాడు. ఇంతవరకే అయితే చరిత్రకారులకు తలనొప్పి మిగిలేది. పర్వం చివర మాత్రం లెక్క అప్పజెప్పాడు. ఒక సీసంలో తన గోత్రం, సూరన, పోతమాంబ అనే తల్లిదండ్రుల పేర్లు, పాకనాటి గుడ్లూరు అనే ఊరు, తనకు దారి చూపిన నన్నయభట్టు పేరు చెప్పి, ఈ కందం రాశాడు:

ధీరవిచారుఁడు తత్కవి
తారీతియుఁ గొంత దోఁపఁ దద్రచనయకా
నారణ్యపర్వశేషము
పూరించెఁ గవీంద్రకర్ణపుటపేయముగాన్.

ఇందులో ఒక్కొక్క మాట ఎంత తూచి వేశాడో చూడండి. 'శేషము' అన్నాడు: తన వాటా ఎంతో తేలిపోయింది, మొదటి భాగం తనది కాదని ఒప్పుకున్నట్టయింది. 'పూరించె' అన్నాడు, 'రచించె' అనలేదు. 'తద్రచనయకాన్' అన్నాడు: ఆయన రచనే అన్నట్టుగా రాశానని తన పద్ధతిని బయటపెట్టాడు. అన్నిటికీ మించి ఆ 'కొంత'. నన్నయ కవితారీతి 'కొంత' తోచేట్టు రాశానన్నాడు. ప్రబంధపరమేశ్వరుడనిపించుకున్నవాడు ఆ మాట వేయడంలోని సంస్కారం, ఇవాళ పది వాక్యాల్లో రెండు మార్చి 'నా వ్యాసం' అనుకునేవారికి ఎలా అందుతుంది? ఎవరిది, ఎంత భాగం, నేనేం చేశాను, ఏ పద్ధతిలో చేశాను: నాలుగు ప్రశ్నలకూ ఒక సీసం, ఒక కందం సరిపోయాయి.

మీ బృందానికి సీసాలు అక్కర్లేదు. వ్యాసం ఉన్నదున్నట్టు పెడితే 'రచన: ఫలానా, ఫలానా పత్రిక, నెల, సంవత్సరం' అని రాయండి. కుదిస్తే 'కుదించినది నేను' అనండి. చివరి పేరా మీదైతే అదీ చెప్పండి, లేదంటే మీ తప్పులు ఆ రచయిత నెత్తిన పడతాయి. సమాచారం తీసుకుని పూర్తిగా మీ మాటల్లో రాస్తే 'ఆధారం'. వేరే భాష నుంచి తెస్తే 'మూలం: ఫలానా, అనువాదం: ఫలానా'. ఈ 'మూలం' అనువాదాలకే స్థిరపడిన మాట గనక తక్కినచోట్ల వాడితే చదివేవారు అది తర్జుమా అనుకునే ప్రమాదం ఉంది. మీకు పంపినవారి పేరు చెప్పాలనిపిస్తే 'ఫలానావారి ద్వారా' అని చేర్చండి. రచయిత స్థానంలో మాత్రం వారిని కూర్చోబెట్టకండి.

పేరు ఎప్పుడూ పైన ఉండాలి. పొడవైన సందేశాన్ని వాట్సాప్ మడిచేస్తుంది. చాలామంది మడత విప్పరు, నకలు తీసేవారు అడుగు వరస వదిలేస్తారు. పోయేది మొదట అక్కడున్న పేరే. లింకు ఇస్తే ఆ వ్యాసం లింకే ఇవ్వండి, పత్రిక ముఖద్వారం లింకు ఇస్తే రేపటికి అక్కడ వేరే వార్త ఉంటుంది. వికీపీడియా నుంచి తెస్తే వ్యాసం పేరు, లింకు రెండూ రాయాలి. అక్కడి పాఠాన్ని ఎవరైనా వాడుకోవచ్చు గానీ, ఎక్కడిదో చెప్పాలి, మార్చి ప్రచురిస్తే అవే షరతుల మీద ఇతరులకూ ఇవ్వాలి.

అసలు రచయితను వెతకాలంటే వ్యాసం నడుమ నుంచి ఆరేడు మాటల వరసను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో చూడండి. మొదటి వాక్యం పనికిరాదు, అతికించేవారు ముందు మార్చేది దాన్నే. ఆంగ్లపదాలున్న వాక్యమూ వద్దు. వాట్సాప్, వాట్సప్, వాట్సాప్పు అని తలా ఒక రకంగా రాస్తారు గనక అచ్చంగా కలవదు. పాత పద్యమైతే అరసున్నలు, బండి ఱలు తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి వెతకాలి. దొరికినవాటిలో పాతదాని తేదీ చూడండి, అయితే పాతదల్లా అసలుది కాదు. అదీ నకలే కావచ్చు. పుస్తకం పేరు తెలిస్తే అచ్చుప్రతి చూడడమే తీర్పు.

పేరు తుడిచేయడం ఒక తప్పయితే, లేని పేరు అంటగట్టడం ఇంకో తప్పు. చివర 'విశ్వదాభిరామ' తగిలించినంత మాత్రాన ఆటవెలదులన్నీ వేమనవి కావు. పేరు తెలియని నీతివాక్యాన్ని ఒక మహనీయుడి బొమ్మ కింద అచ్చువేయడం కూడా ఈ కోవలోదే.

చట్టం సంగతి ఒక్క మాట: 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్న రచయితకు సైతం 'ఇది నా రచన' అని చెప్పుకునే హక్కు ఉంటుంది. రచయిత పోయిన 60 ఏళ్లకు హక్కుల గడువు తీరుతుంది, అప్పుడు అనుమతి అక్కర్లేదు. పేరు తీసేయడానికి మాత్రం అది సాకు కాదు.

మీ బృందంలో ఆ పొరపాటు దిద్దాలంటే, వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల వరకు సందేశాన్ని సవరించవచ్చు. ఆ గడువు దాటాక కింద జవాబుగా 'రచన: ఫలానా' అని రాస్తే చాలదు, సందేశాన్ని ఎవరైనా ముందుకు పంపినప్పుడు ఆ జవాబు వెంట వెళ్లదు. పాతది తొలగించి, పేరు పైన పెట్టి మళ్లీ పంపమనండి.