కాక్స్-2 థీసిస్: స్లైడ్లకన్నా ముందు చూడాల్సినవి

అమ్మాయీ,

ఆశీస్సులు. పెద్దపేగు క్యాన్సర్ గడ్డలో, వాపు పుట్టించే పదార్థాలను తయారుచేసే కాక్స్-2 ఎంజైము ఎక్కువగా ఉంటే జబ్బు తిరగబెడుతుందా, లివర్‌కో ఊపిరితిత్తులకో పాకుతుందా అన్నది ఎండీ థీసిస్‌గా తీసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఆ ఎంజైమున్న చోట గడ్డ ముక్కకు గోధుమరంగు పట్టించే యాంటీబాడీ ఏ కంపెనీది కొనాలని అడిగావు. అది తర్వాత చూద్దాం. ముందు నీ పేషెంట్లు ఇప్పుడు ఎలా ఉన్నారో కనుక్కో.

స్లైడు మీద గోధుమరంగు ఎంత పట్టిందో చూడడం కొద్దిరోజుల పని. ఆపరేషన్ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో తెలియనప్పుడు ఆ రంగుతో చెప్పగలిగేది ఏమీ ఉండదు. తిరగబెట్టే కేసుల్లో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడతాయి. అందుకని కనీసం మూడేళ్లు, దొరికితే ఐదేళ్లు దాటిన బ్లాకులే (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కలే) తియ్యి. నిరుడు ఆపరేషనైన వాళ్లను చేర్చి ‘తిరగబెట్టలేదు’ అని రాస్తే, ఇంకా తిరగబెట్టలేదనే దానికి అర్థం.

కేస్ షీట్లలో ఉన్న ఫోన్ నంబర్లు సగం పనిచేయవు. ఆంకాలజీ ఓపీ రిజిస్టరు, స్కాన్ రిపోర్టులు, ఆరోగ్యశ్రీ కాగితాలు అన్నీ వెతకాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రంలో ఫోన్ చేసే విషయం స్పష్టంగా రాయించుకో. ఫోన్ చేసినప్పుడు అవతల ఎత్తేది ఆయన భార్యో కొడుకో కావచ్చు, మనిషి పోయి ఉండొచ్చు. ‘పేషెంట్ బతికున్నారా’ అని ఎప్పుడూ మొదలుపెట్టకు. ఎవరివో, ఎక్కడినుంచో చెప్పి, ‘నాన్నగారి ఆరోగ్యం గురించి రెండు మాటలు అడగొచ్చా’ అను. వాళ్లు ఏడిస్తే ఆగు, వద్దంటే మళ్లీ చెయ్యకు.

ఇంకొకటి తప్పకుండా అడుగు: గుండెకో బీపీకో రోజూ ఏ మాత్రలు వేసుకుంటారని. మనవాళ్లు ఆస్పిరిన్ అని చెప్పరు, ‘రక్తం పల్చబడే బిళ్ల’ అంటారు. చిన్న మోతాదులో ఆ బిళ్ల ముఖ్యంగా అడ్డుకునేది కాక్స్-1 అనే తోటి ఎంజైమును, నువ్వు చూస్తున్న కాక్స్-2ను తక్కువే. అయినా జబ్బు తిరగబెట్టడం మీద దాని ప్రభావం ఉంటుంది. 2025లో స్వీడన్ వాళ్ల నాయకత్వంలో నార్డిక్ దేశాల ట్రయల్ ఫలితాలు వచ్చాయి. పీఐ3కే అనే మరో ఎంజైము జన్యువులో మార్పున్న వాళ్లకు ఆపరేషన్ తర్వాత మూడేళ్లు రోజుకు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. మూడేళ్లకు 14.1 శాతం ఉన్నది 7.7 శాతమైంది. ఎవరు ఆస్పిరిన్ మీద ఉన్నారో రాసుకోకపోతే నీ లెక్క తారుమారవుతుంది.

కేసుల ఎంపికలో మొహమాటం వద్దు. ఆపరేషన్ నాటికే లివర్‌లో గడ్డలున్న వాళ్లను తీసెయ్యి, వాళ్లది తిరగబెట్టడం కాదు. రెక్టమ్ (మలాశయం) కేసుల్లో ముందే రేడియేషన్ తీసుకున్న వాళ్లను వేరుగా పెట్టు, చికిత్స తర్వాత గడ్డ స్వభావం మారిపోతుంది. క్యాన్సర్ పాకిందా అని పన్నెండు లింఫ్ నోడ్లకన్నా తక్కువ చూసిన కేసుల్లో స్టేజి మీద నమ్మకం పెట్టుకోలేం, అవి గుర్తు పెట్టుకో.

ఇక స్లైడు. చిన్న డబ్బాలో కుక్కిన పేగు, తెరవకుండా, పూర్తిగా మునగనంత తక్కువ ఫార్మలిన్లో రాత్రంతా ఉండి వస్తుంది. లోపలి పొర కుళ్లిపోయి ఉంటుంది. అలాంటి బ్లాకులో రంగు పట్టలేదంటే ఎంజైము లేదని కాదు. కోత కోసి నెలలు గడిచిన స్లైడ్లు వాడకు, బ్లాకు నుంచి కొత్తగా కోయించు. ప్రతి బ్యాచ్‌తో పాజిటివ్ కంట్రోలు, అంటే రంగు తప్పక పట్టాల్సిన ముక్క ఒకటి పెట్టు. గడ్డ లోపలిదే కాదు, గోడలోకి చొచ్చుకుపోయే అంచు కూడా ఉన్న బ్లాకు ఎంచుకో. పాకడం మొదలయ్యేది అక్కడే. కణాల సైటోప్లాజంలో రేణువుల్లా కనబడే రంగునే లెక్కించు. చుట్టూ ఉన్న వాపు కణాలు కూడా రంగు పట్టుకుంటాయి, వాటిని కలపకు.

రంగు తీవ్రత, ఎంత శాతం కణాలు: ఈ రెండూ ఎలా కలిపి స్కోరు వేస్తావో, ఎక్కణ్నుంచి ‘ఎక్కువ’ అంటావో, మొదటి స్లైడు చూడకముందే ప్రోటోకాల్లో రాసి గైడ్ సంతకం పెట్టించు. ఫలితాలు చూశాక గీత జరిపితే ఏ ఎంజైమునైనా జబ్బు ఎలా సాగుతుందో ముందే చెప్పే మార్కర్ చేసెయ్యొచ్చు. ఇద్దరు విడివిడిగా, పేషెంట్ సంగతి తెలియకుండా చదవాలి. ఇలాంటి అధ్యయనాలు ఎలా రాయాలో 2005లో వచ్చిన రిమార్క్ మార్గదర్శకాల్లో ఉంది, చదువు.

థైమిడిలేట్ సింథేజ్ అనే ఎంజైము కథ తెలుసుకో. పెద్దపేగు క్యాన్సర్‌కిచ్చే 5-ఎఫ్‌యూ కీమో మందు పనిచేసేది ఆ ఎంజైము మీదే. 1990ల్లో మార్కర్‌గా దాని మీద ఎన్నో ఆశలు. 2004లో అధ్యయనాలన్నీ కూర్చి చూస్తే, ఎక్కువున్న వాళ్లు తక్కువ కాలం బతికినట్టు కనబడింది, కానీ పద్ధతులు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి, ప్రతికూల ఫలితాలు అచ్చు కాలేదన్న అనుమానం కూడా మిగిలింది. నేటికీ అది మన రోజువారీ రిపోర్టుల్లోకి రాలేదు. నీకు తేడా ఏమీ కనబడకపోతే అదే రాయి. నేను దాన్ని అంతే గౌరవంగా చదువుతాను.

కాక్స్-2 ఎక్కువున్నది స్టేజి 3 వాళ్లలోనే అయితే, నువ్వు చూసింది ఎంజైమునా స్టేజినా? అది విడదీయాలంటే కాక్స్ రిగ్రెషన్ కావాలి. అది అనేక అంశాలను కలిపి లెక్కగట్టే గణాంక పద్ధతి, పేరు కలిసినా ఈ ఎంజైముతో సంబంధం లేదు. పదిహేను మందికే తిరగబెట్టి ఉంటే ఒకటి రెండు అంశాలకు మించి అందులో పెట్టకు. డీఎన్ఏలో తప్పులను సరిదిద్దే ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 ప్రోటీన్ల పరీక్షలు నాలుగూ చెయ్యడానికి డబ్బు సమకూర్చుకో. ఆ ప్రోటీన్లు లోపించిన గడ్డల్లో కాక్స్-2 తక్కువగా ఉంటుందని, వాటిలో స్టేజి 2 వాళ్లు బాగానే ఉంటారని ముందునుంచీ తెలుసు.

నీ స్కోరును పేషెంట్ రిపోర్టులో మాత్రం రాయకు. ‘ఎక్కువ’ అన్న మాట చూసి ఇంటిల్లిపాదీ నిద్ర మానేస్తారు, దాని మీద డాక్టరు మార్చగల చికిత్స లేదు. వాళ్లకు ఇవాళ పనికొచ్చేవి సీఈఏ రక్తపరీక్ష, సీటీ స్కాన్, కొలనోస్కోపీ. ఫోన్లో మాట్లాడినప్పుడు అవి మానేశారని తెలిస్తే ఓపీకి రమ్మని చెప్పు.

మొదటి ఇరవై మంది ఫాలో-అప్ షీటు నింపి నాకు పంపు. యాంటీబాడీ సంగతి అప్పుడు మాట్లాడదాం.