విదేశం నుంచి తెచ్చిన ఫోన్‌కు సుంకం ఎందుకు?

ప్రశ్న: 2024 నవంబరులో నేనూ నా భార్యా దుబాయ్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లి, 1,10,000 రూపాయల విలువైన కొత్త ఫోన్, ఒక ల్యాప్‌టాప్ కొనుక్కొని వచ్చాం. విమానాశ్రయంలో ఫోన్‌కు 23,100 రూపాయల సుంకం కట్టించుకున్నారు. ల్యాప్‌టాప్‌కు ఏమీ అడగలేదు. ఇద్దరికీ కలిపి లక్ష రూపాయల మినహాయింపు రాదా? దుబాయ్‌లో వ్యాట్ కట్టాక మళ్లీ ఇక్కడ పన్నేమిటి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ దగ్గర వసూలు చేసిన మొత్తం సరైనదే. అప్పట్లో అమలులో ఉన్న 2016 బ్యాగేజీ నిబంధనల ప్రకారం, దుబాయ్ వంటి చోట్ల నుంచి తిరిగివచ్చే భారత నివాసి 50,000 రూపాయల విలువ వరకు వస్తువులను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అయితే ఆ మినహాయింపు ఎవరిది వారికే గాని కుటుంబానికి ఉమ్మడిగా ఇచ్చినది కాదు కనుక, భార్య వాటాను భర్త తెచ్చిన వస్తువుకు కలపడానికి వీల్లేదు. అందువల్ల మిగిలిన 60,000 రూపాయలపై 35 శాతం చొప్పున 21,000, ఆ సుంకంపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ కింద 2,100 పడ్డాయి. ఎన్నో కుటుంబాలు ఈ ఒక్క విషయం తెలియకనే విమానాశ్రయంలో ఇబ్బంది పడుతున్నాయి.

18 ఏళ్లు నిండిన ప్రయాణికులకు ఈ పరిమితితో సంబంధం లేకుండా ఒక ల్యాప్‌టాప్‌పై సుంకం ఉండదు. ఫ్లాట్ టీవీ తెచ్చి ఉంటే మాత్రం మినహాయింపేమీ వర్తించక, పూర్తి విలువపై సుంకం పడేది.

దుబాయ్‌లో మీరు కట్టిన 5 శాతం వ్యాట్ అక్కడి అమ్మకంపై పన్ను. ఇక్కడ కట్టింది దిగుమతి సుంకం. ఒకటి కట్టినంత మాత్రాన రెండోది తగ్గదు. అయితే పర్యాటకులు కనీసం 250 దిర్హాముల కొనుగోలు చేసి, తిరుగు ప్రయాణంలో సామాను చెక్-ఇన్ చేయకముందే బిల్లులను ధ్రువీకరింపజేసుకుంటే ఆ వ్యాట్‌లో చాలా భాగం వెనక్కి వస్తుంది.

పెట్టె పారేసి ఫోన్ జేబులో వేసుకుంటే సుంకం ఉండదని చెప్పేవారి మాట దయచేసి నమ్మకండి. సుంకం కట్టాల్సిన వస్తువుతో గ్రీన్ చానల్ (సుంకం కట్టాల్సినవేవీ లేనివారు బయటికి వెళ్లే దారి) దాటితే దాన్ని జప్తు చేయవచ్చు, జరిమానా కూడా వేయవచ్చు. సుంకం కట్టాల్సినవారు వెళ్లే రెడ్ చానల్‌లో బిల్లు చూపి వెల్లడించడమే క్షేమం. బిల్లు లేకపోతే విలువను అధికారులే నిర్ణయిస్తారు. ఈ పరిమితులు మారుతుంటాయి కనుక ప్రయాణానికి ముందు అప్పటి నిబంధనలు చూసుకోండి. ఇక్కడి నుంచే ఖరీదైన కెమెరా వంటిది వెంట తీసుకువెళ్తుంటే, బయలుదేరేటప్పుడే కస్టమ్స్ అధికారుల దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి; తిరిగివచ్చినప్పుడు దానిపై సుంకం అడగకుండా ఆ పత్రమే ఆధారమవుతుంది.